సున్నపురాయి మీద రెండు ఏనుగులు

కటవారియా సరాయ్‌లో మా తమ్ముడి కొడుకు గదికి వెళ్లిన మర్నాడు పొద్దున్నే స్నానానికి బకెట్ నింపుకున్నాను. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఒంటికి జిడ్డులా పట్టుకుంది. కాసేపటికి బకెట్లో నీళ్ల మీద తెల్లటి తెట్టు తేలింది.

"ఇక్కడ బోరు నీళ్లింతే పెదనాన్నా, సబ్బు విరిగిపోద్ది" అన్నాడు వాడు తలుపు బయట నుంచి.

ఏళ్ల తరబడి పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ని. కఠిన జలం గురించి నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. నీళ్లలో సున్నం ఉంటే, అంటే కాల్షియం ఉంటే, అది సోడియాన్ని పక్కకు నెట్టి ఆ చోట్లో తాను కూర్చుంటుంది. అలా పుట్టిన కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు, తెట్టుగా తేలుతుంది.  నీళ్లు పోస్తే పోదు, నూనె తగిలితే మాత్రం వెంటనే పీల్చుకుంటుంది. ఈ చిన్న గుణం మీదే 19వ శతాబ్దపు రంగుల వ్యాపార ప్రకటనలు చాలావరకు నిలబడ్డాయి. మాంచెస్టర్ గుడ్డల మీది లక్ష్మీదేవి, పారిస్ గోడల మీది నాట్యకత్తెలు, మన ఇళ్లలోని రవివర్మ పటాలు, అన్నీ రాతి మీద కట్టిన ఈ సబ్బు తెట్టు లోంచి వచ్చినవే.

స్నానం ముగించి కిందికి దిగాను. కటవారియా సరాయ్ దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి దగ్గర్లో ఉన్న పాత ఊరు. చుట్టూ నగరం పెరిగింది, ఊరు మాత్రం తన ఇరుకు సందులతో అలాగే మిగిలింది. బేర్ సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్ కూడా ఈ చుట్టుపక్కలవే. ఒకప్పుడు బాటసారులకు బసలుగా ఉన్న సరాయ్‌ల పేర్లతోనే ఇప్పుడు పరీక్షల బాటసారులకు గదులు దొరుకుతున్నాయి. గేట్ రాసే పిల్లలు, ఇంజనీరింగ్ సర్వీసుల కోసం కూర్చున్న పిల్లలు, వాళ్లలో మన తెలుగు పిల్లలు బోలెడంత మంది. సందుల గోడలు కనపడవు, పోస్టర్లే కనపడతాయి. కోచింగు, గది అద్దెకు, టిఫిన్ సర్వీసు, టెస్ట్ సిరీస్. ఒకదాని మీద ఒకటి అంటించి అంటించి అంగుళం మందం అట్ట కట్టుకుపోయాయి. రాత్రి వాన పడిందేమో, ఒకచోట ఆ అట్ట మొత్తం ఊడి వేలాడుతోంది. ఒక ముక్క చింపుకుని జేబులో పెట్టుకున్నాను. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ పోస్టర్ల పుట్టుక.

అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత మ్యూనిక్‌లో ఉండేవాడు. పుట్టింది 1771లో, ప్రాగ్‌లో. తన నాటకాలు తానే అచ్చేసుకోవాలని కోరిక, రాగి రేకులు కొనే స్తోమత లేదు. చవగ్గా దొరికే సోల్న్‌హోఫెన్ సున్నపురాయి పలకల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1796లో ఒకనాడు చాకలికి వేసే బట్టల పద్దు రాసుకోవడానికి చేతికి కాగితం దొరక్క, మైనం, సబ్బు, మసి కలిపి తాను చేసుకున్న సిరాతో రాతి మీదే రాశాడట. అక్కడ మొదలైన దారి 1798 నాటికి తేలింది. రాయిని చెక్కనక్కర్లేదు, ఎత్తుపల్లాలు అక్కర్లేదు, నూనెకూ నీటికీ ఉన్న వైరమే చాలు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు రసాయన ముద్రణ. లోకం లితోగ్రఫీ అంది. మనం శిలాముద్రణ అన్నాం, రాతి అచ్చు అన్నాం.

ఆ రాయి ఎలాంటిదో మనవాళ్లకు చెప్పడం తేలిక. బేతంచర్ల, తాడిపత్రి నాపరాళ్లు తొక్కి పెరిగినవాళ్లం. అవీ సున్నపురాళ్లే. సోల్న్‌హోఫెన్ రాయినీ అక్కడి జనం ఇళ్లలో నేలకు పరుచుకున్నారు, పైకప్పులకు కప్పుకున్నారు. దాని గొప్పతనమంతా రేణువులోనే ఉంది. వేలితో తడిమితే పాలరాయంత నునుపు, భూతద్దం కిందా గరుకు దొరకదు. 15 కోట్ల ఏళ్ల కిందట కదలికలేని ఉప్పునీటి మడుగుల అడుగున సున్నపు బురద నెమ్మదిగా పేరుకుంది. అందుకే అంత సన్నటి రేణువు. ఆ బురదలో పడిన ఈక కూడా చెక్కుచెదరకుండా అచ్చుపడింది. పక్షులకూ డైనోసార్లకూ బంధుత్వం చూపించిన ఆర్కియోప్టెరిక్స్ 1861లో ఈ రాళ్లలోనే బయటపడింది. శాస్త్రవేత్తలు దాని పూర్తి పేరు ఆర్కియోప్టెరిక్స్ లితోగ్రాఫికా అని పెట్టారు. అచ్చుపని కోసం తవ్విన రాతిలో దొరికిన పక్షి కదా మరి.

ఇక పని. రాయిని ఇసుక, నీళ్లు పోసి మరో రాతితో నూరి చదును చేస్తారు. ఆరాక దాని మీద జిడ్డు పెన్సిల్‌తోనో సిరాతోనో బొమ్మ గీస్తారు. అందులో మైనం, కొవ్వు, సబ్బు, మసి ఉంటాయి. మసి కంటికి కనపడడానికే, అసలు పని కొవ్వుది. తర్వాత కొద్ది చుక్కల నత్రికామ్లం కలిపిన తుమ్మజాతి బంక ద్రావణం రాయంతా పూస్తారు. ఆమ్లం తగలగానే గీతల్లోని కొవ్వు ఆమ్లాలు విడివడి రాతిలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి. కటవారియా సరాయ్ బకెట్లో తేలిన తెట్టే ఇక్కడ రాతి పైపొరలోకి ఇంకి గట్టిపడుతుంది. గీత లేని చోట బంక రాతికి అంటుకుని, నీళ్లను పట్టి ఉంచే పొర అవుతుంది.

ఇప్పుడు పనివాడు కొత్తవాళ్ల గుండె ఆగిపోయే పని ఒకటి చేస్తాడు. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో బొమ్మంతా తుడిచేస్తాడు. రోజుల తరబడి గీసింది మాయమైపోతుంది, ఉత్త రాయి మిగులుతుంది. తడి స్పాంజితో రాయి తుడిచి, నూనె సిరా పూసిన రోలర్ దాని మీద ఒకసారి దొర్లిస్తాడు. తడి ఉన్నచోట సిరా తామరాకు మీది నీటిబొట్టులా అంటకుండా జారిపోతుంది. కాల్షియం సబ్బు దాగి ఉన్న చోట పట్టుకుంటుంది. రోలర్ నాలుగోసారి తిరిగేసరికి ఏనుగు తొండం, కంటి రెప్ప, అంబారీ జాలరు, వెంట్రుకంత గీత కూడా పోకుండా తిరిగి వచ్చేస్తాయి. కాగితం పరిచి ప్రెస్సు కింద తోస్తే అచ్చు. మళ్లీ తడి, మళ్లీ సిరా, మళ్లీ కాగితం. పాఠంలో నేను ఎన్నడూ చూపించలేకపోయిన రసాయన చర్య ఇది.

మన దేశంలోకి ఈ విద్య 1820ల మొదట్లో కలకత్తా మీదుగా వచ్చింది. ఉర్దూవాళ్లు దీన్ని రెండు చేతులా అందుకున్నారు. నస్తలీఖ్ రాతలో అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి వాలుతూ అల్లుకుపోతాయి, సీసపు అచ్చుల్లో అది ఇమడదు. లితోలో ఆ బాధ లేదు. కాతిబ్, అంటే రాతగాడు, ప్రత్యేకమైన కాగితం మీద తన చేతిరాతతో మామూలుగా రాస్తే చాలు, దాన్ని రాతి మీద అదిమితే తిరగబడిన బింబం పడుతుంది, అచ్చులో మళ్లీ సరిగ్గా వస్తుంది. 1837లో మొదలైన ఢిల్లీ ఉర్దూ అఖ్బార్ రాతి అచ్చు పత్రికే. దాన్ని నడిపిన మౌల్వీ ముహమ్మద్ బాఖిర్‌ను 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు చంపేశారు. కటవారియా సరాయ్‌కి దగ్గర్లోనే కుతుబ్ మీనార్ ఉంది. సయ్యద్ అహ్మద్ ఖాన్ ఆ మీనార్ మీది శాసనాలు చదవడానికి తాళ్లకు కట్టిన బుట్టలో కూర్చుని పైకి వేలాడాడు. ఢిల్లీ కట్టడాల మీద ఆయన రాసిన ఆసారుస్సనాదీద్ 1847లో బొమ్మలతో సహా రాతి మీదే అచ్చయింది. మన హైదరాబాదులో షమ్సుల్ ఉమరా తన సొంత రాతి ప్రెస్సు పెట్టి విజ్ఞానశాస్త్ర గ్రంథాలు ఉర్దూలో అచ్చేయించారు. ఆ ప్రెస్సులు పుస్తకాలతో పాటు ప్రకటనలూ అచ్చేసేవి. నిజాం రాజ్యంలో ప్రకటనను ఇస్తిహారు అనేవారు.

తెలుగుకు ఈ అవసరం పడలేదు. మన అక్షరాలు విడివిడిగా నిలుస్తాయి, సీసపు అచ్చుల్లో చక్కగా కుదిరాయి. అందుకని తెలుగు పల్లెకు రాతి అచ్చు అక్షరంగా కాక బొమ్మగా వచ్చింది. వచ్చింది కూడా పుస్తకంలో కాదు, గుడ్డ తాను మీద, నూలు కట్ట మీద.

అప్పటికి యూరప్‌లో రంగుల లితో బాగా ముదిరింది. గొడెఫ్రాయ్ ఎంగెల్‌మన్ 1837లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. పసుపు రాయి, గులాబీ రాయి, లేత నీలం రాయి, ముదురు నీలం రాయి, ఇలా మంచి అచ్చుకు పన్నెండు రాళ్లు కూడా పట్టేవి. ఒకే కాగితం అన్ని రాళ్ల మీదా పడుకుని లేవాలి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా. గాలిలో తేమ పెరిగి కాగితం కాస్త సాగిందా, అమ్మవారి పెదవుల ఎరుపు బుగ్గ మీదికి జరుగుతుంది. రంగులు కలిపే పని కూడా చేత్తోనే. కళాకారుడు రాతి మీద వేల చుక్కలు పెడతాడు, చుక్కలు దగ్గర పడితే నీడ, దూరమైతే వెలుగు. పారిస్‌లో జూల్ షెరే మూడు నాలుగు రాళ్లతోనే గోడంత పోస్టర్లు వేసి వీధులను బొమ్మల కొలువు చేశాడు. లండన్‌లో పియర్స్ సబ్బు కంపెనీ జాన్ మిలే వేసిన బుడగలూదే పిల్లాడి బొమ్మ కొని, దాంట్లో తమ సబ్బు ఒకటి చేర్చి అచ్చేయించి ఊరూరా పంచింది.

నాకు వీటన్నిటికంటే గొప్పగా తోచేవి అరచేతిలో పట్టే టికెట్లు. లాంకషైర్ మిల్లు గుడ్డకు ఆ రోజుల్లో అన్నిటికంటే పెద్ద సంత మన దేశమే. గుడ్డ మడతల మీద పైకి కనపడేలా ఒక రంగుల కాగితం అంటించేవాళ్లు. దాన్ని టికెట్ అనేవారు, ఉత్తరాదిలో టీకా, ఛాప్ అన్నారు. బంగారు అంచు, ఉబ్బెత్తు అచ్చు, వార్నిష్ మెరుపు. మధ్యలో కృష్ణుడు, నెమలి, పులి, రైలుబండి, రాజుగారు. కొనేవాడికి ఇంగ్లీషు రాదు, చాలామందికి ఏ భాషా చదవను రాదు. కానీ కిందటి పండక్కి కొన్న గుడ్డ మన్నితే, మళ్లీ అదే నెమలి గుర్తు కావాలని అడుగుతాడు. బొమ్మే పేరు, బొమ్మే పూచీ. మనం ఇప్పటికీ ఓటు గుర్తు చూసే కదా వేస్తున్నాం.

బ్రిటన్ 1875లో ట్రేడ్‌మార్కుల నమోదు చట్టం తెచ్చేసరికి గుడ్డల గుర్తులు ఎన్ని వచ్చి పడ్డాయంటే, వాటి కోసం మాంచెస్టర్‌లో విడిగా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. తగువులూ వచ్చాయి. వాటిలో ఒకటి మా ఇంటి నేత వృత్తికి దగ్గరది కాబట్టి వివరంగా చెబుతాను.

స్కాట్లండ్‌లో ఆర్చిబాల్డ్ ఆర్-యూయింగ్ కంపెనీ టర్కీ ఎరుపు రంగు వేసిన నూలు మన దేశానికి పంపేది. కట్ట మీది టికెట్‌లో రెండు ఏనుగులు. బొంబాయి బజారులో ఆ నూలు పేరు 'బే హాథీ', రెండేనుగులు అని అర్థం. కంపెనీ పేరు ఎవరికీ పట్టదు. ఇంతలో జాన్‌స్టన్ అనే పోటీదారు తన నూలు మీద తానూ రెండు ఏనుగులు వేసుకున్నాడు. బొమ్మ తీరు వేరు, అక్షరాలు వేరు, పక్కపక్కన పెడితే ఎవరికైనా తేడా తెలుస్తుంది. అయినా 1882లో బ్రిటన్ లార్డ్స్ సభ ఆర్-యూయింగ్ పక్షానే తీర్పు చెప్పింది. లండన్‌లో చదువుకున్నవాడు తేడా కనిపెట్టగలడా అన్నది ప్రశ్న కాదు. రెండేనుగుల నూలు ఇమ్మని అడిగే కొనుగోలుదారు మోసపోతాడా అన్నదే ప్రశ్న. అక్షరం రాని మన నేతగాడి కంటిచూపును కొలమానంగా పెట్టుకుని ఆ దేశపు అత్యున్నత న్యాయపీఠం తీర్పు రాసింది. ఈ సంగతి మొదట చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

కానీ ఆ ఏనుగులు మోసుకొచ్చింది మామూలు ఎరుపు కాదు. టర్కీ ఎరుపు వేయాలంటే నూలును మళ్లీ మళ్లీ నూనెలో నానబెట్టాలి, పటిక పట్టించాలి, మంజిష్ఠ జాతి వేరులోని అలిజరిన్‌తో ఉడికించాలి. పటికలోని అల్యూమినియం, సున్నంలోని కాల్షియం, నూనెలోని కొవ్వు ఆమ్లాలు, అలిజరిన్ కలిసి పోగులోపల కరగని ముద్దగా గట్టిపడతాయి. ఇక ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. నూలు లోపలా నూనె, సున్నమే. దాని మీద అంటించిన టికెట్‌ను అచ్చేసిన రాతిలోనూ నూనె, సున్నమే.

ఈ ఎరుపు మన తీరానికి కొత్తదేమీ కాదు. మా చీరాల తీరంలోనే నిజాంపట్నం ఉంది. ఆ తీరపు ఇసుక నేలల్లో, గుల్లల సున్నం కలిసిన మట్టిలో పెరిగిన చిరివేరు ఎరుపుకు సాటి లేదని 17వ శతాబ్దంలో డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ దాని కోసం కూడా ఇక్కడ దిగారు. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నూలుకు పట్టించి ఎరుపెక్కించే తేలియా రుమాలు చీరాలలో నేసేవారు, ఇప్పుడు పుట్టపాకలో బతికి ఉంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ 1868లో అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశాక, వేరు తవ్వేవాడికీ రంగు కాచేవాడికీ పని కరవైంది. మిల్లు గుడ్డేమో నేతగాడి కంచంలో అన్నం లాగేసుకుంది. ఆ టికెట్ల అందాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. ఆ అందం ఎవరి మెడకు ఉరి బిగించిందో తెలుసు కాబట్టి మెచ్చుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, బెజవాడ, బందరు తిరిగి విదేశీ గుడ్డ వదలమన్నప్పుడు జనం వదిలింది ఆ గుడ్డనే, దాని మీది ఆ నెమళ్లనూ కృష్ణులనూ కూడా. తర్వాత మన మిల్లులూ ఆ దారే పట్టాయి. టికెట్ల మీదికి భారతమాత వచ్చింది, గాంధీగారూ వచ్చారు.

ఇక గోడ మీది పటాల సంగతి. కలకత్తా ఆర్ట్ స్టూడియో 1878లో పెట్టారు. వాళ్లు అచ్చేసిన కాళీమాత పటం ఒకటి సిగరెట్ల ప్రకటనగా మిగిలి ఉంది. భక్తికీ బేరానికీ మధ్య గీత రాతి అచ్చుకు ఎప్పుడూ లేదు. రవివర్మ కథా ఇంతే. తన తైలవర్ణ చిత్రాలను అచ్చు వేయించమని దివాన్ టి. మాధవరావు సలహా ఇచ్చారు. 1894లో బొంబాయిలో ప్రెస్సు మొదలైంది, జర్మన్ పనివాళ్లు వచ్చారు, మొదట శకుంతల జననం అచ్చయింది. తర్వాత ప్రెస్సు లోనావలా దగ్గర మలవలికి మారింది. అప్పులు తీరక రవివర్మ దాన్ని ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్‌కు అమ్మేశారు. ష్లైషర్ చేతిలో అది క్యాలెండర్లు, లేబుళ్లు, ప్రకటనల ప్రెస్సు అయింది. సబ్బు కంపెనీ, పాలపొడి కంపెనీ తమ పేరు కింద అచ్చేసుకున్న లక్ష్మీ సరస్వతులనే మనవాళ్లు చట్రం కట్టించి గోడకు తగిలించి పసుపు కుంకుమ పెట్టారు. తెలుగు ఇళ్లలో పటం అంటే ముందు గుర్తొచ్చేది దేవుడి పటమే. అందంగా ఉన్న పిల్లను రవివర్మ బొమ్మలా ఉందంటాం. ఆ ప్రెస్సు 1972లో తగలబడిపోయింది. శివకాశి అగ్గిపెట్టెల మీది లేబుళ్లు, అక్కడి నుంచి మన కిరాణా కొట్లు పంచే దేవుడి క్యాలెండర్లు ఆ వంశంలోవే.

రాయి పోయింది కానీ సూత్రం పోలేదు. రాయి గట్టిది కాబట్టి రేకు డబ్బా మీద నేరుగా అచ్చు పడదు. బిస్కెట్ డబ్బాల మీద బొమ్మలు వేయడానికి రాబర్ట్ బార్క్లే 1875లో ఒక ఉపాయం పట్టాడు. రాతి మీది బొమ్మను ముందు మెత్తటి పొర మీదికి ఎత్తుకుని, దాని నుంచి రేకు మీద అచ్చు వేయడం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఇరా రూబెల్ ప్రెస్సులో కాగితం వేయడం మరిచిపోతే బొమ్మ కాగితాన్ని అదిమే రబ్బరు మీద పడింది. తర్వాతి కాగితం వెనక ఆ రబ్బరు అచ్చు రాతి అచ్చు కంటే స్పష్టంగా ఉంది. అలా కాగితానికీ ఆఫ్‌సెట్ వచ్చింది. ఇప్పుడు రాయి చోట అల్యూమినియం ప్లేటు. ఓఖ్లాలోనో నారాయణాలోనో ఏ ప్రెస్సుకు వెళ్లినా డ్యాంపింగ్ రోలర్ ముందు ప్లేటును తడుపుతుంది, ఆ వెనకే సిరా రోలర్ వస్తుంది. ప్లేటు పాడవకుండా బంక పూసి దాచడం ఇప్పటికీ ఉంది. ఫ్లెక్సీలది వేరే దారి, వాటిలో సిరాను చిమ్ముతారు. గోడల మీది కాగితం పోస్టరు మాత్రం సెనెఫెల్డర్ మనవడే.

సాయంత్రం గదిలో జేబులోని ముక్క తీసి టేబుల్ లైటు కింద పెట్టాను. దాంట్లో ఒక కుర్రాడి ముఖం సగం, ర్యాంకు అంకె సగం ఉన్నాయి. నా పదింతల భూతద్దం మా వాడికిచ్చి చెంప మీద చూడమన్నాను. "పూలు పెదనాన్నా, చిన్న చిన్న పూలు" అన్నాడు. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు నాలుగు కోణాల్లో బారులు తీరి పూలరేకుల్లా కలుస్తాయి. యంత్రం పెట్టిన చుక్కలు, ఒక్కటీ వరస తప్పదు. చర్మంలో ఉన్నట్టు కనిపించే గోధుమ రంగు సిరా ఆ ప్రెస్సులో అసలు లేనే లేదు.

చీరాల దగ్గర మా ఊళ్లో నాయనమ్మ ట్రంకు పెట్టె ఇంకా ఉంది. మూత లోపల ఆమె అంటించుకున్న టికెట్ ఒకటి, నెమలి బొమ్మది. మగ్గం ఆడే ఇంట్లోకి నూలు కట్టతో వచ్చి ఉంటుంది. తమ్ముడికి ఫోన్ చేసి దగ్గరగా ఫొటో తీసి పంపమన్నాను. మా వాడు తెర మీద వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఇక్కడ పూలు లేవు. చుక్కలు ఒక్కోటి ఒక్కో సైజు, మెడ దగ్గర గుంపుగా, రొమ్ము దగ్గర పలచగా, కొన్నిచోట్ల రెండు కలిసిపోయి ఉన్నాయి. రంగులు లెక్కపెడితే ఏడు తేలాయి, బంగారంతో ఎనిమిది. ఎరుపు రాయి వంతు వచ్చినప్పుడు కాగితం కాస్త సాగినట్టుంది. నెమలి కాళ్ల కింద ఉండాల్సిన పువ్వు ఎరుపు, గీత దాటి బయటికి వచ్చి, దాని గోటికి అంటుకుని ఉంది.